చేయి వదలుటయు పెంపకమే

బడిగంట మ్రోగుటకు ఇంక ఇరువది నిమిషముల వ్యవధి యున్నది. తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు గుమ్మములో నిలిచి చొక్కా బొత్తాములతో పెనుగులాడుచున్నాడు. వ్రేళ్ళు కాజాను వెదకుచున్నవి, బొత్తాము జారిపోవుచున్నది. ఎదుట నిలిచిన తల్లి చేతికి అది రెండు క్షణముల పని. ఆమె చేయి సాచినచో బిడ్డ వేళకు బడికి చేరును. సాచనిచో ఆలస్యమగును, మాస్టారు చీవాట్లు పెట్టుదురు, ఇరుగుపొరుగువారు ముక్కున వ్రేలు వేసికొందురు. ఆ బిడ్డ ఆమె కన్నవాడు గాక పెంచుకొన్నవాడైనచో ఆ మాటలకు మరియొక ముల్లు మొలచును. "కన్నతల్లి యైతే అట్లు చూచుచు నిలుచునా?" అందురు.

ఈ దృశ్యము ఏ ఒక్క యింటిదియు కాదు. ఎదుగుదల మందగించిన బిడ్డను దత్తు తెచ్చుకొని పెంచుచున్న ఇండ్లన్నిట ఏదో యొక రూపమున ఇది నిత్యము జరుగుచునే యుండును. ఒకచోట అది బొత్తాము, ఒకచోట అన్నము ముద్ద, ఒకచోట వీథి దాటుట. ఆ రెండు క్షణములలో తల్లిదండ్రులు దినదినము చేయు నిర్ణయములే ఆ బిడ్డ ముప్పదవ యేట ఎట్లు బ్రతుకునో చాలవరకు నిశ్చయించును. కావున ఇది ఇంటి విషయమే యైనను ఇంటితో ముగియునది కాదు. బడికిని, ఊరికిని ఇందులో పాలు కలదు.

పెంచిన మమకారమును మన వాఙ్మయము ఏనాడును తక్కువ చేసి చూడలేదు. నాగేటిచాలున దొరకిన సీతకు జనకుడే తండ్రి. శకుంతలను అత్తవారింటికి పంపునపుడు కంట తడి పెట్టినవాడు కన్న విశ్వామిత్రుడు కాడు, పెంచిన కణ్వుడు. తన పుట్టుక రహస్యమును శ్రీకృష్ణుని వలన విన్న పిదప సైతము కర్ణుడు రాధేయుడుగనే నిలిచెను. అయినను లోకవ్యవహారమున దత్తత చిరకాలము బిడ్డ కొరకు గాక వంశము కొరకు, పిండోదకముల కొరకు, ఆస్తి కొరకు జరిగినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఆడపిల్లను దత్తు తీసికొనుటకు దారి తెరచినది. ఒకసారి చెల్లిన దత్తత మరల రద్దు కాజాలదని శాసించినది. 2015 నాటి బాలల న్యాయ చట్టము మతభేదము లేక ఎల్లవారికిని దత్తత తీసికొను అవకాశమును నిలిపినది. 2021 నాటి సవరణ దత్తత ఉత్తర్వు నిచ్చు బాధ్యతను జిల్లా కలెక్టరునకు అప్పగించినది. చట్టము ఇంత దూరము నడచినను మనసు వెనుకనే యున్నది. బిడ్డ కొరకు ఏండ్ల తరబడి వరుసలో వేచియుండు దంపతులలో పెక్కుమంది ఆరోగ్యవంతమైన పసికందునే కోరుదురు. ప్రత్యేకావసరములు గల బిడ్డ వంక చూచువారు తక్కువ. మన దేశమునుండి విదేశములకు దత్తత పోవు పిల్లలలో ఇట్టివారు పెక్కుమంది యుండుట మనము తలవంచుకొని ఆలోచింపవలసిన సంగతి.

ఇట్టి బిడ్డను ఒడికి చేర్చుకొన్నవారిని లోకము "ఎంత పుణ్యాత్ములు!" అని పొగడును. ఆ పొగడ్త వినుటకు ఇంపుగా నుండునుగాని అందొక అపాయము దాగియున్నది. బిడ్డ పుణ్యకార్యము కాడు. పుణ్యము కొరకు పెట్టు అన్నమునకు ఎదుటివాని చేయి ఎల్లప్పుడును చాపియే యుండవలెను. బిడ్డ కొరకు పెట్టు అన్నము నేటి ముద్ద రేపు తానే కలుపుకొనవలెనను ఆశతో పెట్టునది. మొదటిదానికి దయ చాలును. రెండవదానికి దయతోపాటు ఓర్పు, లెక్క, కొంత కాఠిన్యము కూడ కావలెను.

ఎదుగుదల మందగించుటకు కారణము ఒక్కటి కాదు. కొందరిలో అది పుట్టుకతోనే యుండును. డౌన్ సిండ్రోము గల బిడ్డలలో 21వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడు ప్రతులుగా నుండును. కొందరిలో కాన్పు కష్టము, నెలలు నిండకుండ పుట్టుట, మెదడుకు సోకిన జ్వరము కారణమగును. కొందరిలో చెవుడో, చూపులోపమో, థైరాయిడు కొరతయో బుద్ధిమాంద్యము వలె కనిపించును. పుట్టుకతో వచ్చు థైరాయిడు కొరతను తొలి వారములలో గుర్తించి మందిచ్చినచో మెదడుకు కలుగు నష్టమును చాలవరకు తప్పింపవచ్చును. కావున దత్తు బిడ్డకు "మొద్దు" అని పేరు పెట్టకముందే చెవి, కన్ను, రక్తము పరీక్ష చేయించుట మొదటి ధర్మము.

మరియొక కారణము కలదు. అది బిడ్డ దేహములో నుండదు, బిడ్డ చుట్టునుండును. 1989లో రుమేనియా ప్రభుత్వము కూలిన పిదప అచ్చటి శిశుశాలలలో వేలాది పసివారు పలుకరించు దిక్కులేక పెరుగుచుండుట లోకమునకు వెల్లడియైనది. 2000 ప్రాంతమున బుఖారెస్టు నగరమున పరిశోధకులు అట్టి పసివారిని 136 మందిని ఎన్నుకొని, చీట్లు వేసినట్లు రెండు పాళ్ళుగా విభజించి, ఒక పాలును పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. ఇండ్లకు చేరిన పిల్లల బుద్ధివికాసము శిశుశాలలలో మిగిలినవారికంటె మెరుగైనది. సుమారు రెండేండ్లు నిండకముందే ఇల్లు చేరినవారిలో ఆ మెరుగు హెచ్చుగా కనిపించినది. తిండి, గుడ్డ, పైకప్పు చాలవు. తన యేడుపునకు పలుకు ఒక్క మనిషి యుండుట కూడ మెదడుకు ఆహారమేయని దీనివలన తేటపడినది.

ఇచ్చటనే దత్తు బిడ్డ పెంపకమునకు గల ప్రత్యేకత కనిపించును. ఎవరి ఒడియు నెరుగక పెరిగిన బిడ్డ కొత్త ఇంటికి వచ్చిన తొలినాళ్ళలో తలగడ క్రింద రొట్టెముక్కలు దాచుకొనవచ్చును. రాత్రి మేలుకొని తల్లి యున్నదో లేదోయని చూచుకొనవచ్చును. అట్టి బిడ్డను మొదటి నెలలోనే "నీ పని నీవు చేసికొనుము" అనుట పెంపకము కాదు. విడిచిపెట్టుట ఎట్లుండునో ఆ బిడ్డ వెనుకనే చవిచూచినది. మొదట చేయి పట్టుకొనవలెను. ఈ చేయి పోదను నమ్మకము కుదిరిన పిమ్మటనే వదలవలెను. పట్టుటయు వదలుటయు విరుద్ధములు కావు. గట్టిగా పట్టినవాడు వదలినప్పుడే బిడ్డ ధైర్యముగా అడుగు వేయును.

ఈ సంగతిని చరిత్రలో ఒక స్త్రీ జీవితము తెలుపుచున్నది. 1800లో ఫ్రాన్సు దేశమున అవేరాన్ ప్రాంతపు అడవులలో తిరుగుచుండిన పదునొకండు, పండ్రెండేండ్ల బాలుడొకడు మనుష్యుల చేతికి చిక్కెను. వానికి మాట రాదు. ప్రసిద్ధ వైద్యుడైన పినెల్ వానిని బాగుపడని జడునిగా తేల్చెను. పారిస్ బధిర విద్యాలయపు వైద్యుడు ఇటార్ ఆ తీర్పును అంగీకరింపక, బాలునికి విక్టర్ అని పేరిడి, సుమారు ఐదేండ్లు శిక్షణ యిచ్చెను. అక్షరముల నేర్చి కొన్ని మాటలను గుర్తించెనే గాని విక్టర్ నోట భాష పలుకలేదు. ఇటార్ నిరాశతో ప్రయోగమును చాలించెను.

అయితే ఆ బాలుని కథ అంతటితో ముగియలేదు. వానికి అన్నము పెట్టి, కనిపెట్టి యుండుటకు నియోగింపబడిన శ్రీమతి గెరాన్ అను ఆమె వానిని విడువలేదు. ఇటార్ తన రెండవ నివేదికలో ఒక సంఘటనమును వ్రాసెను. భోజనపు బల్లను సర్దుట విక్టరునకు నిత్యపు పని. గెరాన్ భర్త మరణించిన దినమున అలవాటు చొప్పున ఆయన చోటను కూడ పళ్ళెము పెట్టెను. అది చూచి ఆమెకు దుఃఖము పొంగివచ్చెను. విక్టర్ ఆమె వంక చూచి, ఆ పళ్ళెరమును తీసి అలమారలో పెట్టివేసెను. ఆపై ఆ చోట మరల పళ్ళెము పెట్టలేదు. మాటలు రాని బాలుడు పరుల బాధను చదువనేర్చెను. బల్ల సర్దుట వాని పని కాకున్నచో ఆ దుఃఖములో వానికి పాలు పంచుకొను దారియే యుండెడిది కాదు. 1828లో కన్నుమూయువరకు విక్టర్ ఆమె యింటనే యుండెను.

ఇటార్ శ్రమయు వ్యర్థము కాలేదు. ఆయన అడుగుజాడలలో సెగ్విన్ మందబుద్ధులకు చదువు చెప్పు పద్ధతిని కూర్చెను. ఆయన పేరిటి కొయ్యపలక పరీక్ష మన దేశమున నేటికిని వాడుకలో నున్నది. ఆ యిరువురి గ్రంథములను తన చేతితో వ్రాసికొని చదివినది ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి. ఆమె మొదట శిక్షణ నిచ్చినది మందగించిన పిల్లలకే. ఆ అనుభవముతోనే 1907లో రోము నగరమున తన తొలి శిశుగృహమును తెరచినది. 1939లో ఆమె మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. యుద్ధము మూలమున 1946 వరకు మన దేశముననే యుండవలసివచ్చెను. నేడు మన పట్టణములలో సంపన్నుల పిల్లలు చదువు మాంటిసోరి బడులకు మూలము "పనికిరారు" అని లోకము త్రోసివేసిన పిల్లల గది. ఈ సంగతి ఆ బడుల ద్వారములమీద వ్రాసిపెట్టదగినది. తెలివిగలవారికని చేసిన పద్ధతి వెనుకబడినవారికి అందకపోవచ్చును. వెనుకబడినవారి కొరకు ఓర్పుతో చేసినది ఎల్లవారికిని ఉపకరించును.

ఇక గుమ్మములోని బొత్తాము మాట. ఈ విద్యలో రహస్య మేమియు లేదు. పనిని ముక్కలుగా విడదీయుటయే దాని సారము. పెద్దలకు ఒక్క పనిగా తోచు బొత్తాము పెట్టుటలో అరడజను పనులున్నవి: అంచులు సరిచూచుట, కాజాను వెదకుట, బొత్తాము నిలువుగా పట్టుట, దూర్చుట, అవతలి చేతితో అందుకొనుట, లాగుట. అన్నియు ఒకేసారి నేర్పబూనినచో బిడ్డకు దక్కునది ఓటమియే. కావున కడపటి ముక్కనుండి మొదలిడుట మేలు. తల్లి బొత్తామును సగము దూర్చి విడుచును, బిడ్డ లాగును. పని ముగిసినది, ముగించినది బిడ్డయే. ఆ గెలుపు వానిది. అది కుదిరిన పిమ్మట తల్లి ఒక ముక్క వెనుకకు జరుగును. నెలలు గడచుసరికి మొదటి ముక్క కూడ బిడ్డ చేతికి వచ్చును. అన్నము కలుపుట, స్నానము, చెప్పులు తొడుగుకొనుట, పక్క చుట్టుట అన్నియు ఈ దారినే నేర్పవచ్చును.

సాయపడుటలో కూడ మెట్లున్నవి. మొదట ఊరకయుండి చూడవలెను. మనసులో పది లెక్కించునంత సేపు నిలిచినచో, సోమరి యనుకొన్న బిడ్డ కొన్నిమారులు తానే కదలును. కదలనిచో సైగ, సైగ చాలనిచో మాట, మాటయు చాలనిచో చేయి. మన ఇండ్లలో వరుస తలక్రిందులు. చేయి మొదట వచ్చును, మాట పిమ్మట వచ్చును, ఊరకయుండుట ఎన్నటికిని రాదు. నీళ్ళు ఒలికినచో కసరుట ఎందుకు? గుడ్డ చేతికిచ్చినచో తుడుచుట కూడ ఒక పాఠమగును. మెచ్చుకోలు సైతము "మంచివాడవు" అని గాక "చెంబు ఒలుకకుండ తెచ్చితివి" అని యుండవలెను. ఏది బాగున్నదో తెలిసినప్పుడే బిడ్డ దానిని మరల చేయగలడు.

ఇంటి పని దాటిన పిదప వీథి వచ్చును. ఉప్పు పొట్లమునకు పది రూపాయల నోటుతో పంపుటకు ముందు కొన్నాళ్ళు వెంట నడువవలెను. కొన్నాళ్ళు వీథి మొగలో నిలువవలెను. కొన్నాళ్ళు గుమ్మమున నిలువవలెను. దుకాణదారునకు ముందుగా ఒక మాట చెప్పియుంచుట సిగ్గుపడవలసిన పని కాదు. ఒకనాడు చిల్లర పోవును, ఒకనాడు ఉప్పునకు బదులు చక్కెర వచ్చును. ఆ నష్టము చదువునకు కట్టు జీతమనుకొనవలెను. కాని ఒక్క పాఠము మాత్రము ఆలస్యము చేయరాదు. తన దేహము తనది, ఎవరైనను అనుచితముగా తాకినచో వలదనవలెను, వచ్చి ఇంట చెప్పవలెను అను పాఠము ఆడపిల్లకును, మగపిల్లవానికిని సమానముగా నేర్పవలెను. పెద్దలు చెప్పినదెల్ల తలవంచి వినుటయే మంచితనమని నేర్చిన బిడ్డ దుర్మార్గుని మాటకును తలవంచును. "కాదు" అను మాట రాని బిడ్డకు రక్షణ లేదు.

ఇచ్చట బడి ప్రశ్న వచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డకు ఆరవయేటినుండి పదునెనిమిదవయేటి వరకు ఉచిత విద్య హక్కని చెప్పుచున్నది. 1984లో సికిందరాబాదున నెలకొల్పబడిన జాతీయ సంస్థ, పేరు మారినను, బుద్ధిమాంద్యము గలవారి శిక్షణలో ఉపాధ్యాయులను తయారుచేయుచున్నది. హక్కు కాగితముమీద నున్నది, విద్య సంస్థలో నున్నది. బిడ్డ మాత్రము చాలచోట్ల వెనుకబల్లమీద నున్నాడు. హాజరు పట్టీలో వాని పేరు పిలుతురు. ఆ తరువాత సాయంకాలము గంట మ్రోగువరకు వానిని ఎవరును పిలువరు. కొట్టరు, తిట్టరు, ప్రశ్నింపరు. దీనిని కొందరు జాలి యందురు. ఏమియు అడుగకుండుట జాలి కాదు. అది మర్యాదగా చేయు బహిష్కారము.

పంచతంత్రము పుట్టుకను ఉపాధ్యాయు లెరుగుదురు. అమరశక్తి మహారాజు కుమారులు ముగ్గురును చదువంటనివారు. విష్ణుశర్మ వారిని మార్చుటకు ముందు పాఠమును మార్చెను. శాస్త్రమును కథగా చేసెను. ఆరు నెలలలో వారు నీతికోవిదులైరనుట కథ. నిజ జీవితమున ఆరు నెలలు ఆరేండ్లు కావచ్చును, కోవిదత్వము రాకను పోవచ్చును. కాని గురువు చేయవలసిన మొదటి పని మాత్రము మారదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెతను బడిలో తీర్పుగా వాడువారు ఒకటి మరతురు: ఆ సామెత మొక్కను వంచవలసినవాని బాధ్యతను గూర్చియు చెప్పుచున్నది. మందగించిన బిడ్డకు తరగతిలో ఒక నిత్యకృత్యము నప్పగింపవలెను. నల్లబల్ల తుడుచుట కానిండు, నోటుపుస్తకములు పంచుట కానిండు, అది నిజముగా తరగతికి కావలసిన పని కావలెను. వాడు రానినాడు లోటు తెలియవలెను.

విద్యార్థులకును ఒక మాట. అట్టి తోటివానిని ఎగతాళి చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. చెప్పవలసినది రెండవది: వాని లెక్కను మీరు వ్రాసిపెట్టకుడు, వాని సంచిని మీరు మోయకుడు. వాడు మాట వెదకుకొనునపుడు ఆ వాక్యమును మీరు పూర్తి చేయకుడు. ఆటలో ఓడినను ఆడనిండు. "నీ అమ్మ నిన్ను కన్నదా, కొన్నదా?" అను ప్రశ్న ఎవరి నోటను రానీయకుడు. దత్తత సంగతిని ఆ బిడ్డకు తల్లిదండ్రులే చిన్ననాడే చిన్నమాటలలో చెప్పుట యుక్తము. ఇంట వినిన నిజము బలమగును. వీథిలో వినిన నిజము గాయమగును.

ప్రతి తల్లిదండ్రులను రాత్రివేళ మేల్కొలుపు ప్రశ్న ఒకటి మిగిలియున్నది: "మా తరువాత?" దానికి చట్టము కొంత సమాధానము చెప్పినది. 1999 నాటి జాతీయ న్యాస చట్టము బుద్ధిమాంద్యము, ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బహువైకల్యము గలవారికి పదునెనిమిదేండ్లు దాటిన పిదప సంరక్షకుని నియమించుటకు స్థానిక సంఘములను ఏర్పరచినది. 2016 నాటి చట్టము మరియొక అడుగు వేసి, సంరక్షకుడు ఆ వ్యక్తితో కలిసి, అతని ఇష్టము ననుసరించి నిర్ణయింపవలెనని పరిమిత సంరక్షణను చెప్పినది. కాని ఇష్టమును అడుగుటకు ముందు ఇష్టపడుట నేర్పియుండవలెను. ఎర్ర చొక్కాయా, నీలి చొక్కాయా యని ఐదవయేట ఎన్నడును అడుగని బిడ్డను, ఎచ్చట బ్రతుకుదువని ఇరువదవయేట అడిగిన ఏమని చెప్పును?

స్వతంత్రత యనగా అన్నియు ఒంటరిగా చేయుట కాదు. అట్లు చేయువాడు లోకమున ఒక్కడును లేడు. ఎంతటి విద్వాంసుడును మంగలి చేతిలో తల వంచును, వైద్యుని ఎదుట నాలుక చాపును. ఏ పనికి సాయము కావలెనో తెలియుట, దానిని అడుగగలుగుట, మిగిలినదానిని తన చేతితో చేసికొనుట: ఇంతియే స్వతంత్రత. కొందరు బిడ్డలు ఉద్యోగము చేయుదురు, కొందరు ఇంటి పనిలో పాలు పంచుకొందురు, కొందరు తమ అన్నము తాము తినుటవరకే వత్తురు. చేరిన చోటు వేరుగావచ్చును. ప్రతి యడుగును ఆ బిడ్డ సొత్తే.

గంట మ్రోగినది. కడపటి బొత్తాము ఇంకను కాజాకు దొరకలేదు. ఆ తల్లి చేతులు వెనుకకు కట్టుకొని నిలిచియే యున్నది. ఈ బిడ్డ నేడు ఆలస్యముగా బడికి చేరును. ఆ గుమ్మమున నిలిచిన ఉపాధ్యాయుడు గడియారమునకు ముందు ఆ చొక్కా వంక చూచి, ఎవరు పెట్టిరని అడుగవలెను. "నేనే" అను సమాధానము వినవచ్చినచో లోనికి రానీయవలెను.